కర్చీఫ్ వేసిన కుర్చీ

దెయ్యాల సంగతులు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. హాస్టల్లో ఎవడైనా చింతచెట్టు, తెల్లచీర అని మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. తర్వాత దొరికిన ఉద్యోగం కూడా అలాంటిదే, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా తప్పు జరిగిందని ఎవరన్నా అంటే మళ్ళీ జరిపి చూపించమంటాం. చూపించలేకపోతే అది జరగనట్టే.

ఇప్పుడు చెప్పబోయేది నేను మళ్ళీ జరిపి చూపించలేను. ఆ ధైర్యం కూడా లేదు. నా ఎడమ అరచేతిలో బొటనవేలి కింద ఒక గుండ్రటి మచ్చ ఉంది. మా అక్కకి పైవరసలో రెండు కట్టుడు పళ్ళున్నాయి. నా దగ్గరున్న సాక్ష్యాల్లో మొదటివి ఇవే. మూడోది చివర్లో చెబుతాను.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ ఒకటి చేతిలో ఉంటే చాలు, ఎవరో ఒకరు విమానం ఎక్కించేవారు. నన్ను సింగపూర్ విమానం ఎక్కించారు. బెడోక్‌లో ఒక ఫ్లాట్ తీసుకుని నలుగురు తెలుగువాళ్ళం ఉండేవాళ్ళం. నేను వెళ్ళిన ఎనిమిది నెలలకి అక్కా బావా కాకినాడ నుంచి నాలుగు రోజులు చూసిపోదామని వచ్చారు.

మా బావ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు. జేబులో ఎప్పుడూ ఉబ్బసం మందు ఉండాల్సిందే. బొద్దింక కనబడితే దాన్ని చంపడు, చీపురుతో నెమ్మదిగా గుమ్మం దాటిస్తాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో అక్క మీద ఒక్కసారి గొంతు పెంచలేదు. ఆ సంగతి అక్క గర్వంగా చెప్పుకునేది, కాస్త విసుగ్గా కూడా చెప్పేది.

ఆయనకున్న పిచ్చల్లా తిండి. ఏ ఊరు వెళ్తే ఆ ఊరి తిండే తినాలి. సింగపూర్‌లో ఏం తినాలో చిన్న పుస్తకంలో రాసుకుని మరీ వచ్చాడు. మొదటి రెండు రోజులూ మేం చేసిన పని తినడమే. పొద్దున్నే కొబ్బరి జామ్ రాసిన టోస్టు, కోపీ అనే అక్కడి చిక్కటి కాఫీ. పదకొండింటికి చెరకురసం. మధ్యాహ్నం కొబ్బరిపాలలో ఉడికిన నూడుల్స్. ఒక్కొక్కటీ తిని, పుస్తకంలో టిక్కు పెట్టి, పక్కన నాలుగు మాటలు రాసేవాడు.

చాప్‌స్టిక్స్ మాత్రం ఆయన వల్ల కాలేదు. నూడుల్స్ నోటిదాకా వచ్చి చొక్కా మీద పడేవి. అక్క పగలబడి నవ్వేది. "బావా, ఇంక ఆపండి, చొక్కా కూడా తినేస్తోంది" అని నేను ఏడిపించేవాణ్ణి. చివరికి పుల్లలు పక్కన పడేసి శుభ్రంగా చేత్తోనే తినేవాడు.

చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాళ్ళని అక్కడ హాకర్ సెంటర్లంటారు, వాటిలో ఒక పద్ధతుంది. ఖాళీ కుర్చీ కనబడగానే దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్తారు. చోప్ చేయడం అంటారు. ఇక ఆ కుర్చీని ఎవరూ ముట్టుకోరు. ఈ మాట చెప్పగానే బావ మొహం వెలిగిపోయింది.

"ఓరి వీళ్ళ దుంపతెగ, మన ఆర్టీసీ బస్సేరా ఇది! కిటికీలోంచి కర్చీఫ్ వెయ్యడమేగా?"

అప్పటినుంచి ఎక్కడికెళ్ళినా టిష్యూ బదులు తన కర్చీఫే వేసేవాడు. నీలం అంచు కర్చీఫ్ అది, మూలన అక్క ఎర్రదారంతో 'స' అని కుట్టింది. 

మూడో రోజు శనివారం. మధ్యాహ్నం రెండున్నర అయింది, ఎండ పేలిపోతోంది. పాతబడిన ఒక హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. కూర్చోడానికి చోటు లేదు. మీరు సీట్లు చూడండని చెప్పి నేను నూడుల్స్ వరసలో నిలబడ్డాను.

ఆ హాలు చివర ఒక పందిరి ఉంది. పందిరి కింద పొడుగాటి బల్లలు, వాటి మీద ఎర్రగుడ్డ పరిచారు. అన్నం గిన్నెలు, కాల్చిన బాతు, కమలాపళ్ళు, చిన్న చిన్న కప్పుల్లో టీ, గ్లాసుల్లో బీరు పెట్టి ఉన్నాయి. చుట్టూ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. ఒక్క కుర్చీలోనూ మనిషి లేడు. అది చైనీయుల ఏడో నెల అనీ, ఆ నెలంతా పోయినవాళ్ళు ఇళ్ళవైపు వస్తారని వాళ్ళ నమ్మకమనీ, ఆ విందు ఆ పోయినవాళ్ళకేననీ నాకు తర్వాత తెలిసింది. మా ఫ్లాట్ కింద గడ్డిలో కాగితాలు తగలబెడుతుంటే చూశాను గానీ, ఎందుకని ఎవర్నీ అడగలేదు.

తరువాత జరిగింది అక్క చెప్పిన మాట. బావ వెళ్ళి అందులో ఒక కుర్చీ మీద కర్చీఫ్ వేశాడు. "ఏవండీ, ఎవరిదో పూజలా ఉందండీ" అంది అక్క. "నైవేద్యం పెట్టేశాక ఇక ప్రసాదమేగా, వద్దనకూడదు" అని ఆయన కూర్చున్నాడు. ఒక గ్లాసు తీసి భక్తిగా కళ్ళకద్దుకుని బీరు తాగాడు. బాతు ముక్క కూడా ఒకటి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

మనం తద్దినం నాడు పిండం పెడితే కాకి ముట్టేదాకా అటువైపు కూడా వెళ్ళం. అలాంటి దాన్ని మా బావ ప్రసాదం అనుకున్నాడు. అగౌరవం ఆయనకి తెలియనే తెలియదు, అదే నా బాధ.

నేను ట్రే పట్టుకుని వచ్చేసరికి ఒక చైనీస్ ఆంటీ బావ ఎదురుగా నిలబడి కేకలేస్తోంది. అరవై దాటి ఉంటుంది. నన్ను చూసి ఇంగ్లీషులోకి మారింది.

"దట్ చెయిర్ నాట్ ఎంప్టీ, లా! టెల్ హిమ్ సే సారీ. క్విక్."

బావ అప్పటికే లేచి నిలబడి బిక్కచచ్చిపోయి ఉన్నాడు. నమస్కారం పెట్టబోతున్నాడు కూడా. ఆపింది నేనే. జనమంతా మమ్మల్నే చూస్తుండటంతో నాకు తిక్క రేగింది. ఖాళీ కుర్చీకి సారీ చెప్పడమేంటి! "ఒక్క గ్లాసు బీరు, ఆంటీ. నో నీడ్ సారీ" అని ఆమె మొహం మీదే అన్నాను. ఆమె పక్కకి తప్పుకుంది.

బావ కర్చీఫ్ కోసం వెనక్కి తిరిగాడు. కుర్చీలో లేదు. కిందా లేదు. ముగ్గురం వంగి వెతికాం. పోతే పోయిందని, దూరంగా ఖాళీ అయిన ఒక బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాం.

ఐదు నిమిషాలు బాగానే తిన్నాం. అక్క ఏదో చెబుతూ మధ్యలో ఆగిపోయి బావ చేతివైపు చూసింది. నేనూ చూశాను. బావ చాప్‌స్టిక్స్‌తో తింటున్నాడు. ఒక్క పోగు జారలేదు. గిన్నె గడ్డం దగ్గర పెట్టుకుని, పుట్టినప్పటినుంచీ అలాగే తింటున్నవాడిలా గబగబా తోసుకుంటున్నాడు. అది కూడా ఎడమచేత్తో.

"అబ్బో, వచ్చేసిందే!" అని అక్క నవ్వుతూ ఆయన మణికట్టు మీద చెయ్యి వేసింది.

బావ ఆమె జుట్టు పట్టుకుని మొహాన్ని బల్లకేసి కొట్టాడు.

ఆ చప్పుడు నాకింకా వినబడుతుంది. రెండోసారి కొట్టాడు. గిన్నెలు ఎగిరిపడ్డాయి. మూడోసారి కొట్టబోతుంటే నేను అడ్డం చెయ్యి పెట్టాను. ఆయన నావైపు చూడనైనా చూడకుండా చేతిలోని చాప్‌స్టిక్‌ని నా అరచేతిలోకి దించేశాడు. ఎముకకి తగిలి ఆగింది. నా నోట్లోంచి వచ్చిన కేక నాదే అని నాకు తెలియలేదు.

బల్లలు తుడిచే అంకుల్ ఒకాయనా, పక్కబల్ల మీది ఇద్దరు కుర్రాళ్ళూ వచ్చి పట్టుకున్నారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి ఆ ముగ్గుర్నీ విదిలించేశాడు. అంకుల్ వెళ్ళి స్తంభానికి కొట్టుకుని అక్కడే కూలిపోయాడు. కుర్రాళ్ళలో ఒకడి ముక్కులోంచి రక్తం కారుతోంది. బావ నోటివెంట ఒక్క మాట లేదు. మొహంలో కోపం కూడా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అక్క నేలమీద పాక్కుంటూ పోతోంది. నోటినిండా రక్తం. బావ వెళ్ళి ఆమెని వెల్లకిలా తిప్పి, గుండెల మీద మోకాలు పెట్టి, రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. నేను వెనకనుంచి లాగాను, వీపు మీద గుద్దాను, చెవి కొరికాను. చెవి తెగి రక్తం వచ్చినా చేతులు వదల్లేదు. అక్క మడమలు నేలకేసి కొట్టుకుంటున్నాయి. నా కళ్ళముందే మా అక్క చచ్చిపోతోందని అర్థమైంది.

ఆ ఆంటీ బావ జోలికి వెళ్ళలేదు. నా చొక్కా పట్టుకుని నన్ను పందిరి దగ్గరికి ఈడ్చుకుపోయింది. వెలుగుతున్న అగరొత్తులు మూడు తీసి, రక్తం కారుతున్న నా చేతిలో కుక్కింది.

"యూ సే నో నీడ్. నౌ యూ సే సారీ."

నేను ఆ ఎర్ర కుర్చీ ముందు మోకాళ్ళ మీద పడ్డాను. ఎవరికి చెబుతున్నానో తెలియదు. "తప్పైపోయింది. తెలియక కూర్చున్నాడు. చెప్పినా వినకుండా పొగరుగా మాట్లాడింది నేను. ఆ చోటు మీదే. మా అక్కని వదిలెయ్యండి" అని తెలుగులోనే ఏడ్చాను. అంత ఏడుపు మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

వెనకనుంచి అక్క దగ్గు వినబడింది.

నేను వెనక్కి తిరిగి చూసుకోలేదు కాబట్టి ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నేను సారీ చెప్పాక బావ వదిలాడో, వదిలాక నేను చెప్పానో నాకు తెలియదు. తిరిగి చూసేసరికి బావ పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. ఊపిరి ఆడక జేబులో మందు కోసం తడుముకుంటున్నాడు. అదీ కుడిచేత్తో.

పోలీసులొచ్చారు, అంబులెన్స్ వచ్చింది. ఫిర్యాదు ఇస్తారా అని ఒక ఆఫీసర్ అక్కని మూడుసార్లు అడిగాడు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని అక్క మూడుసార్లూ తల అడ్డంగా ఊపింది. దెబ్బలు తిన్న అంకులూ, కుర్రాళ్ళూ కూడా ఆ పందిరివైపు చూసి కేసు వద్దన్నారు. ఆసుపత్రిలో బావకి తలకి స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ చేశారు. ఏమీ దొరకలేదు. ఒకరకం ఫిట్స్ కావచ్చు, కొందరికి జీవితంలో ఒక్కసారే వచ్చి పోతుందని డాక్టర్ చెప్పాడు. నేను ఆ మాటే నమ్మాను. నమ్మాలనుకున్నాను. ఫిట్స్ వస్తే చాప్‌స్టిక్స్ ఎలా వస్తాయని మాత్రం ఆయన్ని అడగలేకపోయాను.

బావకి కర్చీఫ్ వెతికినంతవరకే గుర్తుంది. మీకు ఫిట్స్ వచ్చాయి, పట్టుకోబోయి అక్క జారిపడింది, నాకు చెయ్యి గీసుకుంది, మీ చెవి బల్ల అంచుకి తగిలింది అని చెప్పాం. ఆ అబద్ధం అక్కదే. కానీ ఆమె గొంతు మీద పది వేళ్ళ గుర్తులు వారం రోజులు ఉన్నాయి. బావ వాటిని చూసేవాడు, తన చేతుల్ని చూసుకునేవాడు.

కాకినాడ వెళ్ళాక అక్క వేరే గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. లోపల గడియ పెట్టించుకుంది. "ఆయనంటే భయం కాదురా. ఆయన చేతులంటే భయం" అని ఫోన్లో ఏడ్చింది. బావ నాకు విడిగా ఫోన్ చేసేవాడు. "నేనేం చేశాన్రా? నువ్వైనా చెప్పు" అనేవాడు. అక్క తన మీద ఒట్టు వేయించుకుంది కాబట్టి నేను చెప్పలేదు. ఆయన బయట తినడం మానేశాడు. ఆ పుస్తకం ఏం చేశాడో తెలియదు. వాళ్ళిద్దరూ విడిపోతారని నాకు గట్టిగా అనిపించేది. దానికి కారణం నా నోటిదురుసు.

మరుసటి ఏడాది అదే ఏడో నెలలో సెలవు మీద కాకినాడ వెళ్ళాను. ఆదివారం మధ్యాహ్నం. అక్క వంటింట్లోంచి గోంగూర పప్పు తెస్తోంది. నేను బల్ల దగ్గరికి వచ్చాను. వాళ్ళ భోజనం బల్లకి నాలుగు కుర్చీలు. నాలుగో దాని మీద ఒక కర్చీఫ్ ఉంది.

నీలం అంచు, మూలన ఎర్రదారంతో 'స'. నాలుగు మడతలు పెట్టి ఉంది. అగరొత్తి తగిలినట్టు ఒకచోట చిన్న చిల్లు.

స్నానం చేసి వచ్చిన బావ దాన్ని చూసి, "అరె, ఇది సింగపూర్‌లో పోయిందిగా" అంటూ తియ్యబోయాడు. అక్క పప్పుగిన్నె కింద పెట్టేసి ఆయన చెయ్యి పట్టుకుంది. ఏడాది తర్వాత ఆ చెయ్యి ముట్టుకోవడం అదే మొదటిసారి.

"తియ్యకండి. ఎవరో చోటు ఆపుకున్నారు."

బావ ఆమె మొహంలోకి చూశాడు. ఆమె గొంతు వైపు చూశాడు. తర్వాత తన చేతుల్ని చూసుకోలేదు. ఏం చేశానని అడగనూ లేదు. నెమ్మదిగా కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క నాలుగో కంచం తెచ్చి ఆ కుర్చీ ముందు పెట్టి, అన్నం వడ్డించి, పప్పు వేసి, నెయ్యి వేసింది. తర్వాతే మాకు వడ్డించింది.

నేను టెస్టర్ని కాబట్టి వదల్లేదు. పెట్టె అడుగున ఉండిపోయిందేమోనని అక్కని అడిగాను. సింగపూర్ నుంచి రాగానే ఆ పెట్టె ఖాళీ చేసి అత్తగారికి ఇచ్చేసిందట. నువ్వే పెట్టావా అని కూడా అడిగాను. "నేనే పెడితే నీ దగ్గర దాచేదాన్నా?" అంది. ఆ మాట నమ్మాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి నుంచి అక్క గడియ పెట్టుకోవడం మానేసింది. ఎందుకని అడిగితే, "చోటు దొరికినవాడికి కోపమెందుకుంటుందిరా?" అంది.

కర్చీఫ్ ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉంది. చుట్టాలొస్తే వరండాలోంచి స్టూలు తెచ్చి వేస్తారు గానీ ఆ కుర్చీ ఇవ్వరు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, ఎవరడిగినా ఇదే చెబుతాను. అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ కుర్చీవైపు ఒకసారి తల వంచి, అప్పుడు అన్నానికి కూర్చుంటాను.