నొప్పి గోళీ, నేను, కమ్లి

ఆ రోజు మిరప చేనుకు బయలుదేరితే చెప్పుల్లో పాదం పట్టలేదు. ఎండకు వాచిందేమో అనుకుని వట్టి కాళ్లతోనే పోయాను. సాయంత్రానికి మొహం కూడా ఉబ్బింది. మహబూబాబాద్ దవాఖానలో రక్తం, మూత్రం చూశారు. "క్రియాటినిన్ ఎక్కువుందమ్మా. కిడ్నీలు సగమే పనిచేస్తున్నయి. ఇగ నొప్పి గోళీలు బంద్" అన్నాడు డాక్టరు.

మా ఆయన పోయాక డోర్నకల్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. జబ్బని తెలిశాక కూలి ముఠా నన్ను పిలవడం మానేసింది. ఉప్పు తగ్గించి వండుకుని ఒక్కదాన్నే తినేదాన్ని. మధ్యలో రక్తంలో పొటాషియం పెరిగి దవాఖాన వార్డులో పడ్డాను. పక్క మంచాల దగ్గర టిఫిన్ డబ్బాలు తెరుచుకునేవి. నా దగ్గరికి నర్సమ్మ తప్ప ఎవరూ రాలేదు. ఏడ్చాను.

అక్కడే కిడ్నీ జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ కలిసింది. "దీన్ని కేస్ కంట్రోల్ స్టడీ అంటం. జబ్బున్న మీరు కేసు. మీ ఈడుదే, జబ్బు లేని మనిషి కంట్రోల్. ఇద్దరినీ పాత అలవాట్లు అడిగి పోల్చి చూస్తం. ఎవరినన్న తోలుకరండి అక్కా" అంది.

నాకెవరున్నారు? అక్కడికి పోతే జబ్బు అంటుకుంటదని వాడలో పుకారు. చివరికి పక్క తండా కమ్లి వచ్చింది. చేనులో నా పక్క సాలులోనే కాయ ఏరేది.

ఆమె రక్తం బాగానే ఉంది. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

"నొప్పి గోళీలు వేసుకునేటోళ్లా?"

"రోజూ, పొద్దుగాల చాయతోని" అన్నాను.

ముఠాలో అదో రివాజు. ఒకరు కొంటే అందరికీ పంచాలి. మాకు కొని పంచేది కమ్లి. ఆమె తల వంచుకుంది. "నేనే ఇచ్చిన మేడం. ఈ రజియక్కకు నడుము నొస్తదని ఒకటి ఎక్కువనే ఇచ్చిన."

తిరుగు రైల్లో కమ్లి నాకు దూరంగా పోయి కూర్చుంది. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. ఉన్న ఒక్క మనిషీ పోయింది. జబ్బుకంటే అదే ఎక్కువ బాధ పెట్టింది.

మళ్లీ చెకప్‌కు పోయినప్పుడు అడిగాను. "నా జబ్బు గోళీలతోని కాదని కమ్లికి జర చెప్పుండ్రి."

డాక్టరమ్మ దాచలేదు. "అయిందని చెప్పలేను, కాలేదనీ చెప్పలేను. ఇద్దరితోని తేలదక్కా. శానా మందిని చూస్తే, జబ్బున్నోళ్లల్ల గోళీలు మింగినోళ్లు ఎక్కువున్నరా అనేది తెలుస్తది. ఫలానా మనిషికి ఎందుకొచ్చిందో స్టడీ చెప్పదు."

అబద్ధమాడితే కమ్లి బాధ పోతుందనిపించింది. మనసొప్పలేదు. తండాకు నడిచి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను.

కమ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే నాతోని కాకపోవచ్చా అక్కా?"

"కావచ్చు, కాకపోవచ్చు. నడుము నొస్తుందా అని అడిగింది మాత్రం నువ్వొక్కదానివే."

ఇప్పుడు క్రియాటినిన్ పెరగకుండా ఆగింది. దవాఖానకు ఒక్కదాన్నే పోయే రోజులే ఎక్కువ. కూలి లేని రోజున కమ్లి వస్తుంది, రైల్లో కిటికీ పక్క సీటు నాకిచ్చి పక్కనే కూర్చుంటుంది.

చెప్పేదొక్కటే. నొప్పి అన్న మనిషికి మీ గోళీ ఇవ్వకండి. దవాఖాన దాకా తోడు పోండి.