మూడు సెంట్ల స్టాంపు రంగు

సింగపూర్‌లోని యీషున్‌లో నేను అద్దెకుండేది ఒక తెలుగు దంపతుల ఫ్లాట్‌లో. అంకుల్ ఓడల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆంటీ, ఆయన ఇక్కడికి వచ్చి చాలా కాలమైంది. చేరిన కొత్తలో నేను గదిలోంచి వంటింటికి, వంటింట్లోంచి గదికి తప్ప ఎక్కడా నిలబడేదాన్ని కాదు. రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు అయిపోగానే రైలెక్కి, ఇంట్లో ఎవరైనా పలకరిస్తే ఏం చెప్పాలో దారిలోనే అనుకుంటూ వచ్చే రకం నేను. అలాంటిదాన్ని హాల్లో కూర్చోబెట్టినవి అంకుల్ దగ్గరున్న పాత అమెరికా స్టాంపులు.

అవి విడి స్టాంపులు కావు. నూటయాభై ఏళ్ళు దాటిన కవర్ల మీద, అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. చాలావాటి లోపల ఉత్తరాలు లేవు. ఎవరికి ఎవరు ఏం రాసుకున్నారో తెలియదు. పైన సిరా వెలిసిన చిరునామా, మూలన చిన్న స్టాంపు, దాని మీద ఊరి ముద్ర, అంతే. చిన్నప్పుడు బడిలో నేనూ స్టాంపులు పోగుచేశానని, కవరు ముక్క నీళ్ళలో నానబెట్టి స్టాంపు ఊడదీసి తువ్వాలు మీద ఆరబెట్టేదాన్నని ఒకసారి ధైర్యం చేసి చెప్పాను.

"మరి కవరు?" అన్నారు అంకుల్.

"పారేసేదాన్నండి."

"పెళ్ళిఫోటోలో పెళ్ళికూతురి తల మటుకు కత్తిరించి దాచుకున్నట్టుంది నీ పని."

"ఆ పిల్లేదో ఇప్పుడిప్పుడే నోరు విప్పుతోంది. మళ్ళీ మూయించండి," అంది ఆంటీ వంటింట్లోంచి.

ఆయన నవ్వి నన్ను పక్కన కూర్చోమన్నారు. ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడితే ఆ రెండూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయని నమ్మొచ్చట. తొలినాటి స్టాంపులకి అంచున పళ్ళుండవు. పోస్టాఫీసులో కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాళ్ళు. అందుకే ఒక్కోటి ఒక్కోలా వంకరగా ఉంటుంది. ఆ వంకర అంచుల మీద నాకెందుకో ఇష్టం కలిగింది.

ఆయనకి నా అవసరం కూడా ఉంది. కళ్ళలో నడిమి చూపు పోతోంది. పక్కలు కనిపిస్తాయి, సూటిగా చూసినచోట మాత్రం మసక. స్టాంపుని గుర్తుపట్టడానికి సూటి చూపే కావాలి. దాంతో ఆదివారం ఉదయాలు ఆయనకి బదులు నేను చూడటం మొదలైంది. ట్యూబ్‌లైటు కింద రంగు చూడకూడదని, కిటికీ పక్క వెలుతురులోనే చూడాలని నేర్పారు. కేటలాగులో ఉన్న ఇంగ్లీషు రంగుల పేర్లు చదివితే ఆయనకి తృప్తిగా ఉండేది కాదు. "అది కాదమ్మా, నీకు దేనిలా కనపడుతోందో చెప్పు," అనేవారు. ఒక సెంటు నీలం స్టాంపుని ఉతికి ఉతికి వెలిసిన స్కూలు యూనిఫాం అన్నాను. మూడు సెంట్ల మామూలు ఎరుపుని గోంగూర కాడ అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. విన్నాక తలూపితే పరీక్ష పాసైనట్టుండేది.

అంకుల్ వెళ్ళే స్టాంపుల క్లబ్బులో జరగబోయే సమావేశానికి సభ్యులు తమ ఆల్బం పేజీలు ప్రదర్శనకి పెడుతున్నారు. ప్రతి కవరు కింద అది ఏ స్టాంపో చెప్పే చీటీ ఉండాలి. లావు పెన్నుతో, తన చేత్తోనే రాయాలని అంకుల్ పట్టుదల. వచ్చే ఏటికి రాయగలనో లేదో అని ఒకసారి మామూలుగా అనేసి ఊరుకున్నారు. అన్నీ రాశారు, ఒక్కటి తప్ప.

అది మూడు సెంట్ల స్టాంపున్న కవరు. ఆ స్టాంపుని మొదటి ఏడాది నారింజ కలిసిన గోధుమ రంగులో ముద్రించారు. తర్వాత మసక ఎరుపుకి మారారు. బొమ్మ ఒకటే, రంగే తేడా. ఆనాటి ముద్రల్లో సాధారణంగా నెల, తేదీ తప్ప సంవత్సరం ఉండదు కాబట్టి రంగుని బట్టే చెప్పాలి. అంకుల్ దాన్ని మొదటి ఏడాదిదే అంటారు. క్లబ్బులో ఒక చైనీస్ రిటైర్డ్ టీచరు కాదన్నాడట.

"టూ ఎల్లో లా, అన్నాడు," అంటూ అంకుల్ ఆయన సింగపూర్ ఇంగ్లీషు యాసని అనుకరించారు. "ఎవరో ఏదో పూసి రంగు మార్చారని వాడి అనుమానం. నిజం చెప్పాలంటే, కొన్నప్పుడు నాకూ మామూలు ఎరుపులాగే అనిపించింది. కొన్నేళ్ళ తర్వాత తీసి చూస్తే నారింజ రంగు. అప్పుడనుకున్నా, మొదట్లో నా కన్ను పచ్చిది, ఇప్పటికి పండిందీ అని. ఆ రోజు ఎంత సంతోషించానో మీ ఆంటీనడుగు."

"పాయసం చేయించుకున్నారు," అంది ఆంటీ.

కిటికీ దగ్గర ఆ కవరు పట్టుకుని చాలాసేపు చూశాను. రంగు అంతటా ఒకేలా లేదు. కింది మూలకి పోయేకొద్దీ నారింజ ఛాయ చిక్కగా ఉంది. ఆ టీచరు మాటే నిజమేమోనని చెప్పాలంటే నోరు రాలేదు. కన్ను పండిందన్నది, అంకుల్ తన గురించి గొప్పగా చెప్పుకున్న ఒకే ఒక్క మాట. ఆ కన్నే ఇప్పుడు పోతోంది.

"అతికిన కాగితమో, మందు పూసిందో అయితే టార్చి కింద బయటపడుతుంది. చీకట్లో చూసిరా," అన్నారు. దొంగనోట్లు పట్టుకోడానికి వాడే, ఊదారంగు వెలుగునిచ్చే టార్చి అది.

పగటిపూట ఆ ఇంట్లో చీకటి దొరికేది బాంబ్ షెల్టర్‌లోనే. యుద్ధం వస్తే దాక్కోడానికని ఇక్కడి ఫ్లాట్లలో కట్టే, ఇనుపతలుపున్న చిన్న గది. అందరిలాగే వీళ్ళూ అందులో బియ్యం, సూట్‌కేసులు పెట్టుకున్నారు. తలుపు మూసి టార్చి వేశాను. స్టాంపు చాలావరకు నల్లగా ఉండిపోయింది. కింది మూలన మాత్రం వేలికొనంత మేర ఆకుపచ్చ కలిసిన పసుపు వెలుగు. అది స్టాంపు అంచు దాటి కవరు మీదికి కూడా పాకింది. ఏమిటా అనుకుంటుండగా నా గోళ్ళు కనిపించాయి. పొద్దున ఆంటీకి పులిహోర కలిపి పెట్టాను. ఎంత కడిగినా పోని పసుపు నా వేళ్ళ చివర అచ్చం అలాగే వెలుగుతోంది.

బయటికి వచ్చి నిలబడ్డాను. ఇద్దరూ నా వైపు చూస్తున్నారు.

"పసుపండి," అన్నాను.

"పసుపని వాడూ అన్నాడుగా."

"రంగు కాదండి. వంటల్లో వేసే పసుపు."

ఆంటీ చేతిలో గరిటె అలాగే ఉంది.

"సరస్వతీ పూజకి పుస్తకాలన్నీ పీట మీద పెట్టి పసుపు బొట్టు పెడతాను కదండీ," అంది చివరికి, చిన్నగా. "మీరు ఓడ మీదున్న ఏడాది మీ స్టాంపుల ఆల్బంలు కూడా పెట్టాను. మీరు చదివేవి అవేగా."

"అట్ట మీద పెట్టావనుకున్నా."

"మూసిన పుస్తకానికి పూజేమిటని మా అమ్మ అనేది. తెరిచి పెట్టాను. తర్వాత తుడిచేశాను కూడా. ఈ ఊరి చెమ్మకి లోపలికి దిగిపోయినట్టుంది."

అంకుల్ కుర్చీ చేతి మీద బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయారు. నాకు గదిలోకి పోయి తలుపు వేసుకోవాలనిపించింది. పోలేదు.

"అంకుల్, మీరు కొన్నప్పుడు ఎరుపనే అనుకున్నారు కదండీ," అన్నాను. "అప్పటికి దాని మీద పసుపు లేదు. మీరు రెండుసార్లూ ఉన్నది ఉన్నట్టే చూశారు. తర్వాత మారింది స్టాంపండి."

ఆయన వేలు ఆగింది. "మళ్ళీ చెప్పు," అన్నారు.

మళ్ళీ చెప్పాను. ఈసారి ఇంకాస్త గట్టిగా.

"అయితే పచ్చి కన్నే నయమన్నమాట," అంటూ లేచి, గోడ పట్టుకుని షెల్టర్ వైపు నడిచారు. నేను టార్చి పట్టుకున్నాను. ఆయన తల పక్కకి తిప్పి, ఓరగా చూశారు. సూటి చూపుకి అందని స్టాంపు బొమ్మ ఆ ఓరచూపుకీ అందలేదు కానీ, పసుపు వెలుగు అందింది. "ఓహో," అన్నారు మెల్లిగా. "ఇదిగో, నువ్వూ రా. నువ్వు పెట్టిన బొట్టు ఎలా మెరుస్తోందో చూద్దువుగాని." ఆంటీ బియ్యం డబ్బాల మధ్య ఇరుక్కుని వచ్చి నిలబడింది. ముగ్గురం ఆ చిన్న వెలుగు మీదికి వంగాం.

"కోపం రాలేదా?" అంది ఆంటీ.

"వచ్చింది. పాయసం గుర్తొచ్చి తగ్గింది."

హాల్లోకి వచ్చాక చీటీ తీయమన్నారు. గీత తప్పకుండా చీటీ మీద స్కేలు ఆనించి పట్టుకున్నాను. ముందు మసక ఎరుపు అని ఇంగ్లీషులో రాశారు. ఆ కింద ఇంకో వరస కూడా రాశారు, మూలనున్న పసుపు ఇంటి పూజలో పెట్టినదని.

"అది కూడా ఎందుకండీ? నలుగురూ నవ్వుతారు," అంది ఆంటీ.

"నవ్వనీ. టార్చి నేనే పట్టుకెళ్ళి చూపిస్తా."

పెన్ను మూత పెట్టి, తలెత్తి నన్నడిగారు. "వరస తిన్నగా వచ్చిందా అమ్మాయ్?"

"చివర కొంచెం కిందికి దిగిందండి," అన్నాను.