మౌనిక గీసిన చార్టు

ఆరేళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను జహీరాబాద్‌లో నర్సింగ్ పాఠాలు చెబుతాను. మంచం పట్టిన రోగి వీపు ఎర్రబడితే స్పిరిట్ రాసి, పౌడరు చల్లి గట్టిగా రుద్దమని మా టీచరు నాకు నేర్పింది, నేను నా విద్యార్థులకు నేర్పాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆరేళ్ల కిందట కాలేజీలో కొత్త పద్ధతి పెట్టారు. విద్యార్థులే వార్డులో ఒక అలవాటును పట్టుకుని, దానికి రుజువుందా అని పరిశోధనలు వెతికి, చార్టు గీసి చూపించాలి. రాయికోడ్ నుంచి వచ్చి చదువుకుంటున్న మౌనిక ఈ రుద్దడాన్నే పట్టుకుంది.

తుంటి విరిగి కోహీర్ నుంచి వచ్చిన ముసలమ్మ మంచం దగ్గర, నలుగురి ముందు, మెల్లగా అంది.

"మేడం, ఎర్రగైన కాడ రుద్దొద్దంట. లోపల ఇంక ఖరాబైతదంట. పక్కకు తిప్పుకుంట ఉండాల్నంట."

నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెబుతుందా?

"మార్కులు నీ చార్టు ఏస్తదా, నేను ఏస్తనా? రుద్దు."

రుద్దింది. నాలుగో రోజుకు అక్కడ చర్మం ఊడి పుండు పడింది. ముసలమ్మ కొడుకులు గొడవకు దిగారు. ప్రిన్సిపాల్ అందరినీ పిలిచి ఎవరు చేశారని అడిగింది. మౌనిక అన్నాను. అబద్ధం కాదు కదా? ఎవరు చేయించారని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. మౌనిక నా వైపు చూసింది, అంతే. మార్కులు నా చేతిలో ఉన్నాయని భయపడిందా? నేనే చెబుతానని ఎదురుచూసిందా?

ఆమెను వార్డుకు రానివ్వలేదు. కొన్నాళ్లకు చదువే మానేసింది. మొగుడంపల్లిలో మందుల దుకాణంలో పనిచేస్తోందని విన్నాను. వెళ్లడానికి ముఖం చెల్లలేదు. రుద్దకపోయినా ఆ పుండు పడేదేమోనని నాకు నేను సర్దిచెప్పుకోబోతాను, చెప్పుకోబోయిన ప్రతిసారీ ఆ చూపు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోతాను.

ఇప్పుడు ఆ చార్టుతోనే పాఠం మొదలుపెడతాను. కింద ఆమె పేరున్న అంచు కత్తిరించాను. పిల్లల చేత ప్రశ్నలు అడిగిస్తానని అందరూ నన్ను మెచ్చుకుంటారు. మొన్న ఒక అమ్మాయి అడిగింది, ఇది ఎవరు గీశారని. పాత బ్యాచ్ వాళ్లెవరో అన్నాను.

కాదు. మౌనిక గీసింది. రుద్దొద్దన్నది మౌనిక. రుద్దించింది నేను.