ఐదు గీతల ముందున్న గుర్తు

కాగితం మీద ‘శ్రీ’ రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు పదిహేనో ఏటే అలవాటైంది. అర్థం తెలియని గుర్తుకి చోటివ్వకూడదని తెనాలి హేతువాద చర్చావేదికలో మా పెద్దలు నేర్పిన మొదటి పాఠం. ఇన్నేళ్ళలో దాని వల్ల నేను నష్టపోయింది ఒక్కసారే, అదీ పోయినేడాది.

రేపల్లెలో ఉండే మా అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. మంత్రాలు వద్దు, దండలు మార్చుకుని నలుగురి ముందు సంతకాలు పెడతామంది పిల్ల. మా బావ ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు.

“మంత్రాలు వద్దన్నావు, సరే. మేళం కూడా లేకపోతే అది పెళ్ళా, రిజిస్ట్రారాఫీసా?”

“నేను వయొలిన్ వాయిస్తా నాన్నా. మావయ్య కీబోర్డు వాయిస్తాడు.”

“మీ మావయ్యా? ఉపన్యాసం తప్ప ఏం వాయించగలడే? సరే, ముందు నాకు వినిపించండి. బాగుంటే మీ ఇష్టం. లేకపోతే పురోహితుడికి కబురు పెడతా, ఇంక నోరెత్తకూడదు.”

హార్మోనియం నాకు కొంచెం వచ్చు. పిల్లకి వయొలిన్ నేర్పిన బాపట్ల మేడం మా ఇద్దరికీ ఒక చిన్న బాణీ రాసి, జిరాక్సు తీసిచ్చారు. కుడిచేతికి పైన ఐదు గీతలు, ఎడంచేతికి కింద ఐదు గీతలు. ఏ గీత, ఏ ఖాళీ ఏ స్వరమో ‘ఏ’, ‘బి’, ‘సి’ అని ఇంగ్లీషు అక్షరాలతో పై వరస చూపించి చెప్పారు. ప్రతి వరస ముందూ వంకర్లు తిరిగిన గుర్తొకటి ఉంది. పైన ఒక రకం, కింద ఇంకో రకం. తెల్లవాళ్ళకీ ఇలాంటి శ్రీకారాలుంటాయి కాబోలనుకుని నవ్వుకున్నాను. అడగలేదు. పై గీతల పేర్లే కింది గీతలకీ పెట్టేసి, అంగలకుదురులో మా ఇంట్లో నెల్రోజులు ఒక్కో చెయ్యీ విడివిడిగా సాధన చేశాను.

ఒక ఆదివారం మేడం ఇంట్లో బావని కూర్చోబెట్టి, రెండు చేతులూ కలిపి మొదలుపెట్టాను. ఒక్క వరసైనా పూర్తి కాలేదు.

“ఏవోయ్, నీ ఎడంచెయ్యి ఇంకెవరి పెళ్ళికో వెళ్ళినట్టుందే!” అన్నాడు బావ.

మేడం వంగి చూశారు. “ఇక్కడ ‘సి’ కదండీ, ‘ఏ’ నొక్కుతున్నారేంటి?”

“కింద నుంచి రెండో ఖాళీ ‘ఏ’ అని మీరే చెప్పారండీ.”

“అది పై వరసకండీ. కింద ముందున్న క్లెఫ్ గుర్తు వేరు కదా, చూళ్ళేదా?”

“ఆ గుర్తా? అలంకారం అనుకున్నానండీ.”

ఆవిడ పడీపడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. “ఒకే చోటుకి రెండు పేర్లేంటండీ, మనిషిని బట్టి ధర్మం మారినట్టు?”

“ఆ గుర్తు పెట్టేదాకా అవి ఉత్త గీతలేనండీ. వాటికి పేర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?”

పెన్సిలు తీసుకుని చూపించారు. పై గుర్తు సుడి కింద నుంచి రెండో గీతని చుట్టుకుంటుంది. ఆ గీత ‘జి’. కింది గుర్తు పక్కనున్న రెండు చుక్కల మధ్య గీత ‘ఎఫ్’. అక్కణ్ణుంచి పైకీ కిందికీ లెక్కపెట్టుకోవడమే. ఎడంచేతి స్వరాలన్నీ పై గుర్తుతోనే రాస్తే గీతలు దాటి ఎక్కడికో దిగిపోతాయి, కంటికి అందవు. అందుకని రెండో గుర్తు.

ఇంతకంటే హేతుబద్ధమైన గుర్తు నేను చూడలేదు. చర్చ మొదలెట్టేముందు ఏ మాటని ఏ అర్థంలో వాడుతున్నారో చెప్పమని అందర్నీ నిలదీసేవాణ్ణి నేను. ఆ పని చేస్తున్న గుర్తుని ఏమిటని అడక్కుండానే కొట్టిపారేశాను. అడక్కుండా మొక్కేవాణ్ణి నలభయ్యేళ్ళు ఎగతాళి చేసిన నాకు ఆ రోజు వాడి పక్కన కూర్చోక తప్పలేదు.

“వచ్చే ఆదివారం మా ఇంట్లో. అదే ఆఖరు,” అని బావ లేచాడు.

తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. వేళ్ళకి అంటిన తప్పు మాత్రం వారమంతా వదల్లేదు. ‘ఎఫ్’ గీత మీద ఎర్ర ఇంకు పూసి, పొద్దున్నా సాయంత్రమూ లెక్కపెడుతూ వాయించాను. శుక్రవారానికి లెక్క మానేశాను. చెయ్యి దానంతటదే వెళ్తోంది.

రేపల్లెలో వాయించాం. మూడో వరసలో ఒకచోట తడబడ్డాను. పిల్ల కమాను నెమ్మది చేసి నన్ను కలుపుకుంది. ఆఖరిదాకా వెళ్ళాం.

బావ అక్కతో, “పురోహితుడికి చెప్పొద్దులే” అని నావైపు తిరిగాడు. “మేళం మాత్రం భోజనాల దగ్గర పెడతా. ఏమంటావ్?”

“సన్నాయికి మంత్రాలు రావు బావా. నిక్షేపంగా పెట్టించు.”

“ఆ మూడో వరస మళ్ళీ వాయించు మావయ్యా,” అంది పిల్ల, వయొలిన్ భుజానికి ఆనించుకుంటూ. “పెళ్ళిలో నీకోసం ఆగను.”