గాలిలో చేప

కెన్యాలో పెద్ద సరస్సు ఒడ్డునున్న కిసుములో మా ఒగ్వెనో, గిర్రున తిరిగే బల్బుల పలక మీద, గాలిలో తేలుతున్నట్టు, ఎటునుంచి చూసినా నిండుగా కనిపించే బొమ్మలు ఆడించే సాఫ్ట్‌వేర్ రాసి, లోకానికి ఊరికే ఇచ్చేశాడు. ఆ పలకను తిప్పే మోటారు మాత్రం వాడి బాబాయ్ న్యాగుడి తన ఫ్యాను విప్పి ఇచ్చిందే.

"మన సరస్సు చేపను చూపించరా," అనేవాడు బాబాయ్.

"ఇంకా వణుకుతోంది బాబాయ్. తర్వాతి వెర్షన్‌లో చూద్దువుగాని."

ఆ వణికే వెర్షన్‌తోనే ఎక్కడెక్కడి వాళ్లో బొమ్మలు ఆడించుకున్నారు. వీడి చాదస్తం మండా, వీడికే నచ్చలేదు. వెర్షన్లు మారుతూనే ఉన్నాయి. ఈలోగా బాబాయ్‌కి చూపు పూర్తిగా పోయింది.

నిన్న చేప వణక్కుండా ఈదింది. ఒగ్వెనో బాబాయ్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, దాని ఎదుట కూర్చోబెట్టాడు. మోటారు వేశాడు.

బాబాయ్ ముఖం కాస్త ముందుకు పెట్టాడు.

"నా ఫ్యాను బాగానే తిరుగుతోందిరా. చల్లగా ఉంది."