మేడమ్ గారి ఎలేవ్

మస్కట్‌లోని ఘుబ్రాలో నేను పాఠాలు చెప్పే బడి పక్కన బేకరీ ఉంది. యాలకుల బన్నులు కాలే వేళకు ఆ వాసన తరగతి గదిలోకి వచ్చేస్తుంది. దాని వెంటే నా తొమ్మిదో ఏడు, అవే బన్నులు కాల్చే ఒక డెన్మార్క్ ఆవిడ వంటిల్లు గుర్తొస్తాయి.

మాది కడప. నాన్న మస్కట్‌లో కంపెనీ బస్సు నడిపేవాడు, అమ్మ ఆ డెన్మార్క్ మేడమ్ ఇంట్లో పనిచేసేది. బడి ఫీజు కట్టే స్తోమత లేక నన్నూ వెంట తీసుకెళ్లేది. ఎండాకాలంలో గోడ ముట్టుకుంటే చెయ్యి కాలేది. లోపల ఏసీ చల్లదనంలో మేడమ్ కూతురు లీనా, నేనూ నేలమీద సుద్దతో గీసుకుని తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, ఉగాదికి అమ్మ చేసి తెచ్చిన ఓళిగలు మోచేతిదాకా నెయ్యి కారుతుండగా తినేవాళ్లం, ఆ తర్వాత చేతులు కడుక్కుని మేడమ్ ముందు ఇంగ్లీషు పాఠానికి కూర్చునేవాళ్లం.

మొదటిరోజే ఆమె నా నోటుబుక్కు మీద 'ఎలేవ్' అని రాసింది. వాళ్ల భాషలో విద్యార్థి అని అర్థమట. ఫ్రెంచివాళ్ల దగ్గర తెచ్చుకున్న మాటట. స్వీడన్‌లో, నార్వేలో, ఎక్కడో రుమేనియాలో కూడా బడి పిల్లల్ని అలాగే అంటారట. "నువ్వు నా ఎలేవ్‌వి," అంది. బడి ముఖమే చూడని నాకు అన్ని దేశాల్లో చెల్లే పేరు దొరికిందని ఆ రోజంతా కాళ్లు నేలమీద ఆనలేదు.

రెండేళ్ల తర్వాత, తన స్నేహితురాలైన ఒక హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడి ఫీజు లేకుండా సీటు ఇప్పిస్తానని మేడమ్ అమ్మకు మాటిచ్చింది. ఆ స్నేహితురాలు టీకి వచ్చిన సాయంత్రం అమ్మ నాకు రెండు జడలు వేసి, ఇస్త్రీ గౌను తొడిగి, హాల్లో నిలబెట్టి వంటింట్లోకి వెళ్లింది.

"ఎవరీ పాప? చదువుతుందా?" అని ఇంగ్లీషులో అడిగింది హెడ్‌మిస్ట్రెస్.

మేడమ్ నన్ను చూసి, చూపు తిప్పుకుంది. "పనామె కూతురు. లీనాకు ఆటల్లో తోడుంటుందని రానిస్తున్నాను," అంది.

ఆ ఇంగ్లీషు నాకు అర్థమయ్యేలా నేర్పింది ఆమే. నేను బడికి పోతే లీనా ఒంటరవుతుందనుకుందో, స్నేహితురాలిని అడగడానికి చిన్నతనమనిపించిందో, ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వస్తుంటే అమ్మ ఆత్రంగా అడిగింది. "ఏం జెప్పిందిమే మేడమ్?"

"బాగా చదువుతానని చెప్పిందిమా."

ఆ సీటు కోసం అమ్మ ఇంకో ఏడాదిపాటు ఒక్క సెలవైనా అడక్కుండా ఆ ఇంట్లో పనిచేసింది. ఒకరోజు వాళ్లు సామాను కట్టుకుని వాళ్ల దేశం వెళ్లిపోయారు. అమ్మానాన్న నన్ను కడపలో అవ్వ దగ్గరికి పంపారు. నా చదువు అక్కడే సాగింది.

టీచరుగా నేను మస్కట్ తిరిగొచ్చేసరికి మేడమ్ వాళ్ల విల్లా లేదు, ఆ చోట ఫ్లాట్లు లేచాయి. అమ్మ కడప నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. "ఆయమ్మ యాడన్నా కనపడిందా పాపా? నువ్వు టీచరైనావని తెలిస్తే ఎంత సంతోషపడుతుందో!"

కనపడలేదమ్మా అంటాను. అంతకుమించి ఇంతవరకూ చెప్పలేకపోయాను.