సముద్రాన్ని పెళ్లాడిన సారు

మార్కాపురం ప్రకాశం జిల్లాలో కలిసిన కొత్తల్లో మాకు చరిత్ర చెప్పిన సారు, ఇటలీలోని వెనిస్ నగరాన్ని ఎప్పుడూ "మన వెనిస్" అనేవారు. అక్కడి పాలకుడు ఏటా పడవలో వెళ్లి, సముద్రంలో ఉంగరం వేసి దాన్ని పెళ్లాడేవాడట. అదెలాగో చూపిస్తానని ఒకరోజు మమ్మల్ని పలకల గనికి తీసుకెళ్లారు. వాననీళ్లు నిండిన గుంతలోకి తన పెళ్లి ఉంగరం విసిరి, "ఇట్ల!" అన్నారు. తర్వాత చాలాసేపు నీళ్లవైపే చూస్తూ నిలబడ్డారు.

కబురు ఆయనకన్నా ముందే ఇల్లు చేరింది. భార్య గుమ్మంలోనే ఆపేసింది.

"గుంతను చేసుకున్నావంట గదయ్యా! బువ్వ గూడా అదే పెడతాదిలే, పో!"

మూడు రోజులు సారు మా ఇంట్లోనే తిన్నారు. మా నాయన ఓదార్చబోతే తల అడ్డంగా ఊపారు.

"ఆ పాలకుడు ఏటేటా వేసినాడన్నా! ఇంట్లో ఎట్ల నెగ్గుకొచ్చినాడో ఏ పుస్తకంలోనూ రాయలేదు."